గుప్పిట్లో రెండు బంతులు

ఆకుపచ్చ బంతి ముందు తగిలిందా, తెల్ల బంతా? పన్నెండేళ్ళుగా మ్యోంగ్‌హ్వాకు తేలని సంగతి ఇదే. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడల్లా ఆమె కుడిచేతి వేళ్ళు వాటంతటవే ముడుచుకునేవి, ఇంకా ఆ అట్టపెట్టెలోనే ఉన్నట్టు.

ఆ ఏడాది రేవు పేటలో సర్కారు బాలబడులు నాలుగు ఉండేవి. మ్యోంగ్‌హ్వా, పై వాటాలో ఉండే పిల్‌సున్ కలిసి నాలుగూ తిరిగి చూశారు. పిల్‌సున్ చేపల షెడ్డులో పని చేసేది. మొగుడు పడవ మీద వెళ్తే నెలల తరబడి రాడు. మ్యోంగ్‌హ్వా ఇంట్లోనే కూర్చుని మిషను మీద కర్టెన్లు కుట్టేది. ఇద్దరికీ ఐదేళ్ళ ఆడపిల్లలు, మ్యోంగ్‌హ్వాకు దాయిన్, పిల్‌సున్‌కు సోరా. ఏ బడిలో గచ్చు వెచ్చగా ఉంది, ఎక్కడ వేడి సూప్ పెడతారు, ఎక్కడ మరుగుదొడ్డి కంపు కొడుతోంది, అన్నీ మ్యోంగ్‌హ్వా నోటుపుస్తకంలో గళ్ళు గీసి రాసింది. అన్నిట్లోనూ గుట్ట మీది బడే ముందుంది.

"నీ గళ్ళు నాకెందుకు, దాయిన్ అమ్మా!" అని పిల్‌సున్ నవ్వింది. "ఏడింటిదాకా పిల్లని ఉంచుకుంటే చాలు. కప్పు ఎగిరిపోయిన బడైనా నాకు సరే."

ఏడింటిదాకా ఉంచుకునేది గుట్ట మీది బడి ఒక్కటే. మిగతా మూడూ ఒంటిగంటకే పిల్లల్ని పంపేస్తాయి. గుట్ట మీద ఉన్నవి ఇరవై సీట్లు, వచ్చిన దరఖాస్తులు తొంభై. పెట్టెలో చెయ్యి పెట్టి బంతి తీయాలి. ఆకుపచ్చ వస్తే సీటు, తెల్లది వస్తే లేదు.

బంతులు తీసే రోజున పిల్‌సున్‌కు షెడ్డులో సెలవు ఇవ్వలేదు. తన బదులు బంతి తీయమని ముద్ర వేసిన కాగితం మ్యోంగ్‌హ్వా చేతికిచ్చి, తెల్లవారుజాము చలిలో మెట్ల మీదే తన బూడిదరంగు ఉన్ని గ్లౌజులు విప్పి ఇచ్చింది.

"వేసుకో. చేతులు కొంకర్లు పోతే అదృష్టం జారిపోతుంది. సాయంత్రం ఇచ్చెయ్యి."

"రెండూ ఆకుపచ్చవే తీస్తా అక్కా."

"రెండు తీస్తే జనం నిన్ను తంతారు. నాకొకటి తియ్యి, చాలు."

ముందు సోరా పేరు మీద తీయాలని గుట్ట ఎక్కుతూ మ్యోంగ్‌హ్వా అనుకుంది. నిజంగానే అనుకుంది. తన వంతు వచ్చేసరికి టీచరు గొంతు బొంగురుపోయి ఉంది. "ఇద్దరికా? త్వరగా కానియ్యమ్మా" అంది. మ్యోంగ్‌హ్వా కుడి గ్లౌజు తీసి చెయ్యి లోపల పెట్టింది. గుప్పిట్లోకి ఒకేసారి రెండు బంతులు వచ్చాయి. తెరిచి చూస్తే ఒకటి ఆకుపచ్చ, ఒకటి తెలుపు.

"ఏది ఎవరిది?" అని టీచరు అడిగింది.

"ఆకుపచ్చది మా దాయిన్‌ది." మనసు కంటే నోరు ముందు పలికింది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

"పోనీలే, నీకైనా వచ్చింది" అంటూ ఆ సాయంత్రం పిల్‌సున్ బియ్యప్పిండి కేకు పట్టుకుని కిందికి దిగింది. ఆ ముఖం ఎదుట గ్లౌజులు చేతికివ్వడానికి మ్యోంగ్‌హ్వాకు చేతులు రాలేదు. రేపు ఇద్దాంలే అనుకుంది.

సోరా ఒంటిగంటకు వదిలే బడిలో చేరింది. బడి నుంచి ఎవరో ఒకరు తెచ్చి దింపితే, రాత్రిదాకా తాళం వేసిన ఇంట్లో ఒక్కతే ఉండేది. పైన టీవీ మోగుతుంటే కింద మ్యోంగ్‌హ్వా మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఆకలేసి, తనే నూడుల్స్ ఉడికించుకోబోయి మరిగే గిన్నెను తన మీదికి లాక్కుంది. కుడిచేతికి మూడు ఆపరేషన్లు చేశారు. రెండు వేళ్ళు మాత్రం మళ్ళీ విచ్చుకోలేదు.

మ్యోంగ్‌హ్వా ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకుంది. దేవుడు క్షమించాడని ఆయన అన్నాడు. కాలింది దేవుడి చెయ్యి కాదు కదా అని ఆమెకు అనిపించింది. అలా అనిపించడం ఇంకో పాపమేమో అడగాలనుకుంది. అడగలేదు. ఏటా చలికాలం ముందు ఒక జాడీడు కిమ్చీ పచ్చడి పై వాటాకు మోసుకెళ్ళేది. పిల్‌సున్ జాడీ అందుకుని తలుపు మూసేది.

ఈ నవంబరులో గుట్ట మీది బడి మూసేస్తున్నారని కాగితం వచ్చింది. పై ఆఫీసువాళ్ళు నాలుగు బడులనూ మళ్ళీ పోల్చి చూశారట. ఇక్కడ మిగిలింది ముగ్గురే పిల్లలు. కావలసిన సామాను పట్టుకెళ్ళమంటే మ్యోంగ్‌హ్వా వెళ్ళింది. గదిలో ఒక మూల ఆ అట్టపెట్టె ఉంది. చెయ్యి పెట్టి చూసింది. అడుగున దుమ్ము తప్ప ఏమీ తగల్లేదు.

మర్నాడు ఉదయం ఒక సంచితో వెళ్ళి బస్సు స్టాపులో పిల్‌సున్‌ను పట్టుకుని, నిలబడే అంతా చెప్పేసింది.

పిల్‌సున్ బస్సు వచ్చే వైపే చూస్తోంది. "రెండూ ఒకేసారి వచ్చాయని ఆ వసంతంలోనే టీచరు చెప్పింది నాకు."

"మరి నన్ను అడగలేదేం అక్కా?"

"ఏమని అడగను? నా గుప్పిట్లో వచ్చుంటే నేనూ సోరాదే అనేదాన్ని. దానికి నాకు కోపం లేదు."

"మరి దేనికి?"

"నువ్వు పగలంతా ఇంట్లోనే ఉండేదానివి. కింద ఆంటీ మిషను చప్పుడు వింటూ కూర్చునేదాన్నని సోరా చెప్పేది. పిల్లని నా దగ్గర వదిలెయ్ అక్కా అని ఒక్క మాట అనలేకపోయావు. అది ఏ బంతి మీద తోస్తావు?"

పన్నెండేళ్ళలో ఈ సంగతి ఒక్కసారైనా చర్చిలో చెప్పుకోలేదని మ్యోంగ్‌హ్వాకు అప్పుడు తట్టింది.

బస్సు వచ్చి ఆగింది.

"ఆ సంచిలో ఏముంది? ఈసారీ కిమ్చీయేనా?"

మ్యోంగ్‌హ్వా ఆ బూడిదరంగు గ్లౌజులు తీసి అందించింది. పిల్‌సున్ వాటిని కాసేపు తిప్పి చూసింది. ఉప్పునీళ్ళల్లో లావెక్కిన వేళ్ళు ఒక్కొక్కటీ బలవంతాన లోపలికి దూర్చింది.

"సాయంత్రం ఇమ్మన్నాను నిన్ను" అని బస్సెక్కింది.