గుండు మీద కిరీటం

డెన్మార్క్ రాజు వాల్డెమార్‌కు పైన దేవుడు తప్ప ఇంకెవరూ లేరు. చట్టంలోనే అలా రాసి ఉంది. పట్టాభిషేకంలో బిషప్పు కూడా కిరీటం ముట్టుకోకూడదు. వేరేవాడి చేత్తో పెట్టించుకుంటే ఆ వేరేవాడు రాజుకంటే పెద్దవాడైపోతాడట! కాబట్టి రాజు తన కిరీటం తనే పెట్టుకోవాలి. బాగానే ఉంది. కానీ కిరీటం కింద మూరెడెత్తు విగ్గు ఒకటి ఉంటుందన్న సంగతి ఆ చట్టం రాసిన పెద్దమనుషులకు తట్టలేదు.

ఆ బెంగంతా అబెలోనేకు చుట్టుకుంది. భర్త పోయాక కోపెన్‌హాగెన్‌లో విగ్గుల దుకాణాన్ని ఒంటిచేత్తో నడుపుతోంది. ఆడదానికి దుకాణమేమిటని తోటి విగ్గులవాళ్లు ఎప్పటినుంచో కాచుకుని ఉన్నారు. రాజుకు పాలపళ్లు ఊడే వయసునుంచీ విగ్గులు కట్టేది ఆమే కాబట్టి నోరు మూసుకున్నారు. పట్టాభిషేకంలో ఆమె విగ్గు నిలబడితే దుకాణం నిలబడుతుంది. లేకపోతే తలుపులు మూసుకోవడమే.

పదిహేడేళ్ల రాజు వంటింటి రాగిగిన్నెతో సాధన చేశాడు.

"మెల్లగా ప్రభూ! బోర్లించకూడదు, కూర్చోబెట్టాలి."

"విగ్గు ఇంకాస్త పొట్టిది చెయ్యకూడదా, అబెలోనమ్మా?"

"ఫ్రాన్సువాళ్లవి ఇంతకంటే ఎత్తట. మనం తగ్గితే ఎలా?"

రాజు గిన్నె మళ్లీ ఎత్తాడు. గిన్నె చక్కగా కూర్చుంది. అయితే గిన్నెతో సాధన చేసినవాళ్లకు నూనె సంగతి గుర్తు రాలేదు.

పట్టాభిషేకం రోజున రాజు తన గదిలోనే కిరీటం పెట్టుకుని వచ్చి, కోట చర్చిలో తైలం రాయించుకోవడానికి దాన్ని తీసి మోకరిల్లాడు. బిషప్పుకు చెయ్యి ధారాళం. నుదుట రాసిన పవిత్ర తైలం కారుకుంటూ విగ్గు అంచులోకి దూరింది. రాజు కిరీటం మళ్లీ పెట్టుకుని లేచాడో లేదో, విగ్గూ కిరీటమూ కలిసి ఎడమ చెవి వైపు ప్రయాణం కట్టాయి. సరిచేస్తే ఇటు జారింది. ఇంకోసారి సరిచేస్తే ముక్కుమీదికొచ్చింది. దొరలందరూ నేలచూపులు చూస్తున్నారు. చెయ్యి సాయం పట్టడానికి లేదు, నవ్వడానికి అసలే లేదు.

రాజు బిక్కమొహంతో నౌకర్ల వైపు చూశాడు. అక్కడ స్తంభం పక్కన అబెలోనే ఉంది. ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు, అలా చేస్తే తన గతేమవుతుందో కూడా తెలుసు. ఒక్క క్షణం తటపటాయించి, తలకు కట్టుకున్న తెల్లగుడ్డను అంతమందిలో లాగి పారేసింది.

రాజుకు అర్థమైంది. విగ్గు తీసి పక్కన పడేసి, విగ్గు కోసం నున్నగా గొరిగించుకున్న గుండు మీద కిరీటం పెట్టుకున్నాడు. అది చెవులదాకా దిగి అక్కడ గట్టిగా ఆగింది.

తర్వాత ప్రధానమంత్రి, రాజుకు లేనిది తనకెందుకనుకున్నాడో ఏమో, మెల్లగా తన విగ్గు తీశాడు. ఆయన్ని చూసి పక్కాయన, ఆ పక్కాయనను చూసి సేనాపతి. చర్చి ఉల్లిగడ్డల బుట్టలా మెరిసిపోయింది.

ఆ వారంలోనే దుకాణంలో ఈగలు తోలుకోవాల్సి వచ్చింది. చెయ్యమని చెప్పిన విగ్గులు వద్దన్నారు, కొన్నవి తిప్పి పంపారు.

"మీ చేతులతో మీరే మన నోట్లో మట్టి కొట్టారు," అన్నాడు ముసలి పనివాడు గ్రేగర్స్.

"పిల్లాడు ఏడుపు మొహం పెట్టాడయ్యా!"

"పిల్లాడా! నార్వేతో సహా ఏలుతున్నాడు ఆ పిల్లాడు! మళ్లీ విగ్గు పెట్టుకోమని వెళ్లి అడగండమ్మా. తల చల్లగా ఉందని ఆయన ఒక్కమాటంటే చాలు, తెల్లారేసరికి ఊరంతా వణుకుతుంది."

అబెలోనే ఉన్నవాటిలో మంచి విగ్గును పెట్టెలో పెట్టుకుని కోటకు వెళ్లింది. రాజు కిటికీ తెరుచుకుని, బీరులో ఉడికించిన రొట్టెజావ తాగుతున్నాడు. సముద్రపు గాలికి హాయిగా ఉన్నాడు. పెట్టె చూడగానే మొహం వాడిపోయింది. అయినా కిక్కురుమనకుండా తల వంచాడు.

"పెట్టు."

ఇన్నేళ్లూ ఆమె వచ్చేసరికే ఆ తలకు నారగుడ్డ టోపీ తొడిగి ఉండేది. వట్టి తలను దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. ఈ చెవినుంచి ఆ చెవిదాకా, విగ్గు కుట్టు ఒరుసుకునేచోట, వరసగా పుళ్లు. పైనపైన పక్కు కట్టి ఇప్పుడిప్పుడే మానుతున్నాయి.

"ఇదంతా నా విగ్గువల్లేనా?"

"తగ్గిపోతున్నాయిలే."

"ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచీ."

"ఒక్కమాట చెబితే కుట్టు మార్చేదాన్ని కదయ్యా! దేశమంతా మీ మాటకు ఎదురుచూస్తుంటే, మీకు అడ్డమెవరు?"

రాజు జావలో చెంచా తిప్పాడు. "నువ్వే. చెబితే చిన్నబుచ్చుకుంటావని."

అబెలోనే పెట్టె మూత మూసింది.

"మరెందుకొచ్చావ్?"

"ఊరికే. ఒకసారి చూసిపోదామని."

గేటు దగ్గర గ్రేగర్స్ ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు. బరువు చూసి అతని మొహం మాడిపోయింది.

"కాదన్నారా?"

"అడిగితే కాదనేవాడు కాదు, గ్రేగర్స్. అందుకే అడగలేదు."