ఎర్రమట్టి కోర్టులో ఎత్తు కుర్చీ

నేను ఒక ఎత్తు కుర్చీని. టెన్నిస్ కోర్టులో నెట్ పక్కన అంపైర్ ఎక్కి కూర్చుంటారే, ఆ కుర్చీని. మీరు టీవీలో చూసేవి మా వాళ్ళలో బాగా బతికినవి. వాటికి గొడుగులు, మైకులు, తెరలు ఉంటాయి. నాది ఒట్టి టేకు ఒళ్ళు, ఊరు విశాఖపట్నం. ఉప్పుగాలికి నా మేకులు తుప్పు పట్టాయి గానీ కాళ్ళు ఇప్పటికీ గట్టివే.

నన్ను చేసింది పోలయాచారి అనే వడ్రంగి. ఆయన టెన్నిస్ ఎన్నడూ చూడలేదు. క్లబ్బు వాళ్ళు కొలతలు చెబితే నోరు వెళ్ళబెట్టి, "ఇంతెత్తున కూకుంటే ఆ బాబుకి టీ ఎవులందిస్తారండీ?" అని అడిగాడు. జాలిపడి ఆయనే నా కుడిచేతి పక్కన గ్లాసు పట్టేంత పలక ఒకటి బిగించాడు. టెన్నిస్ నిబంధనల్లో ఎక్కడా లేని ఆ పలకను నా మీద కూర్చున్న ప్రతివాళ్ళూ మెచ్చుకున్నారు.

ఎత్తు మీద నుంచి చూస్తే మనుషులు భలే ముచ్చటగా ఉంటారు. బంతి పడేది ఒక్క చోటే. కొట్టినవాళ్ళకి మాత్రం అది గీత మీద పడుతుంది, అవతలివాళ్ళకి గీత బయట పడుతుంది. పాపం, ఇద్దరిలో ఎవరూ కావాలని అబద్ధమాడరు. ఎక్కడ పడాలని కోరుకున్నారో అక్కడే పడినట్టు కనిపిస్తుంది, అంతే. మాది ఎర్రమట్టి కోర్టు కాబట్టి బంతి తన మార్కు వదిలి వెళ్తుంది. తగాదా వస్తే అంపైర్ దిగివచ్చి ఆ మార్కు చూసి తేలుస్తారు. అలా దిగడానికి బద్ధకించి పై నుంచే తీర్పులిచ్చిన మహానుభావుల్ని కూడా మోశాను. క్లబ్బు పెద్దల బంధువులు ఆడేటప్పుడు చూపు మందగించేవాళ్ళనీ మోశాను. మోయనని అనడానికి నాకు నోరేదీ?

జోస్ఫిన్ మేడం వచ్చాక గానీ నా పుట్టుకకు అర్థం తెలియలేదు. ఆవిడ బడిలో డ్రిల్లు టీచరు, సెలవుల్లో టోర్నమెంట్లకు అంపైర్. మోకాలి నొప్పి ఉన్నా సందేహం వచ్చిన ప్రతిసారీ నా మెట్లు దిగి, వంగి మార్కు చూసి, మళ్ళీ ఎక్కేది. ఆవిడంటే నాకు గౌరవం. దాచుకోవడం ఎందుకు, ప్రేమ కూడా.

ఒక ఏడాది గాజువాక నుంచి తనూజ అనే అమ్మాయి ఆడడానికొచ్చింది. చెయ్యి బంగారం, కోపం మాత్రం ముక్కు మీదే. ఒక పాయింటు పోయిందని బంతిని జనంలోకి విసిరికొట్టింది. మేడం హెచ్చరించింది. కాసేపటికి రాకెట్‌ను నేలకేసి విరగ్గొట్టింది. మేడం ఒక పాయింటు కోసేసింది.

"ఏటి మేడం ఇది? నా రాకెట్టు నేను ఇరగ్గొట్టుకున్నాను. మీకేటి నష్టం?"

"ఆట నీ ఒక్కదానిదీ కాదమ్మా. వెళ్ళి ఆడు."

తనూజ ఓడిపోయింది. మ్యాచ్ అయ్యాక అంపైర్‌తో చెయ్యి కలపాలి. కలపకుండా వెళ్ళిపోయింది. మేడం చాచిన చెయ్యి కాసేపు నా పక్కనే అలా ఉండిపోయింది.

మరుసటి ఏడు తనూజ మళ్ళీ వచ్చింది. క్వాలిఫయింగ్ చివరి మ్యాచ్, అవతల హైదరాబాద్ అమ్మాయి అఫ్రీన్. గెలిస్తే మెయిన్ డ్రాలో, అంటే అసలు టోర్నమెంటులో చోటు. ఓడితే ఆట కట్టిపెట్టి రైల్వే ఉద్యోగంలో చేరతానని తనూజ ఇంట్లో మాట ఇచ్చి వచ్చింది. మ్యాచ్‌కి ముందు నా నీడలో నిలబడి ఫోన్లో వాళ్ళమ్మకి మళ్ళీ అదే చెబుతుంటే విన్నాను. ఈసారి కోపాన్ని పళ్ళ బిగువున ఆపుకుంటూ ఆడింది. చివరి సెట్లో మ్యాచ్ పాయింట్ దాకా వచ్చేసింది. ఇంకొక్కటి చాలు.

అఫ్రీన్ పక్క గీత వెంట గట్టిగా కొట్టింది. తనూజకు అందలేదు. "ఔట్" అంది మేడం. జనం లేచి కేకలు పెట్టారు.

"మేడం, ఒక్కసారి మార్క్ చూడండి మేడం!" అని అఫ్రీన్ బతిమాలింది.

మేడం మోకాలు పట్టుకుని నా మెట్లు దిగసాగింది. ఈలోగా తనూజ మార్కు దగ్గరికి వెళ్ళింది. అక్కడ మార్కులు రెండున్నాయి. ఒకటి గీత బయట, అంతకుముందు పాయింటుది. రెండోది గీతను ఒరుసుకుని, ఇప్పటిది; గీతను తాకితే బంతి లోపల పడ్డట్టే లెక్క. నాకు రెండూ కనిపిస్తున్నాయి. బయటిదాన్ని రాకెట్‌తో చూపిస్తే చాలు, మ్యాచ్ తనదే. నా మేకులన్నీ బిగుసుకుపోయాయి.

తనూజ రెండింటినీ చూసింది. గీతను తాకిన మార్కును బూటుతో చెరిపేసింది.

"మార్కు సెరిపేసిందిరో! దొంగాట!" అని జనంలోంచి ఒకడు అరిచాడు. మిగతావాళ్ళు ఈలలు వేశారు. మేడం నా చివరి మెట్టు మీదే ఆగింది. నిర్వాహకుల చేతిమైకు అందుకుని, "మార్కు చెరిపినవాళ్ళు ఆ పాయింటు వదులుకున్నట్టే. డ్యూస్" అంది. అంటే స్కోరు మళ్ళీ సమానం.

జనం గోల చేస్తూనే ఉన్నారు, తనూజ ఆడుతూనే ఉంది. ఆ మ్యాచ్ ఓడిపోయింది.

అఫ్రీన్‌తో చెయ్యి కలిపి తిన్నగా నా దగ్గరికి వచ్చి, మేడం వైపు చెయ్యి చాచింది.

"అది లోపలే పడిందా?" అని మేడం మెల్లగా అడిగింది.

"లోపలే మేడం. నేకపోతే ఎందుకు సెరుపుతాను?"

"నేను ఔటన్నాను కదా."

"మీకు అక్కణ్నుంచి కనబడదు మేడం. నాకు కనబడింది."

మేడం ఆ చెయ్యి వదలకుండానే మళ్ళీ మైకు తీసుకుంది. "ఆ బంతి లోపల పడింది. తప్పు చూసింది నేను. సరిగ్గా చూసింది ఈ అమ్మాయి" అంది. నా మీద కూర్చున్నవాళ్ళలో అలా చెప్పిన మనిషి అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు. ఈలలు ఆగిపోయాయి. మొదట చప్పట్లు కొట్టింది అఫ్రీన్.

తనూజ మాట ప్రకారం రైల్వేలో చేరింది. కొన్నేళ్ళకు క్లబ్బులోకి అల్యూమినియం కుర్చీ వచ్చింది, నన్ను షెడ్డులో పడేశారు. బల్లులతో స్నేహం కుదిరే వేళకు తనూజే వచ్చి నన్ను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుంది. సాయంత్రాలు పిల్లలకు ఆట నేర్పుతోందట.

"అంపైరెవులూ నేరంతన్నారు, మరి కుర్చీ దేనికమ్మా?" అన్నాడు ఆటో అతను.

"ఉండనీ బాబూ, పిల్లలకి కనబడతాది" అంది.

ఇక్కడ, తనూజ పిల్లలకు నేర్పే మట్టి కోర్టులో, నెట్ పక్కనే నిలబడ్డాను, నా మీద ఎవరూ కూర్చోరు. తన వైపు పడ్డ బంతి లోపలో బయటో ఎవరికి వారే చెప్పాలి, అవతలివాళ్ళు మారుమాట్లాడకూడదు. అదీ తనూజ పెట్టిన పద్ధతి. జోస్ఫిన్ మేడం ఆదివారాలు వస్తుంది. మోకాలు సహకరించక నా పక్కన కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. పోలయాచారి పలక చేతికందదు కాబట్టి టీ గ్లాసు నా కింది మెట్టు మీద పెట్టుకుంటుంది.

మొన్న ఆదివారం పిల్లల పోటీ చివరి పాయింటులో బంతి ఒక పిల్ల వైపు గీత దగ్గర పడింది. కంచె అవతల నుంచి ఆ పిల్ల తండ్రి, "ఔటే! ఔటని సెప్పేయమ్మా!" అని అరిచాడు. పిల్ల వంగి మార్కు చూసింది. నాన్న వైపు చూసింది. బూటుతో చెరిపేసింది.

"అయ్యో, సూడండి మేడం! మీరు అంపైరు కదా, మీరైనా సెప్పండి!"

"నేను కింద కూర్చున్నాను బాబూ" అంది మేడం, టీ తాగుతూ. "పైన ఎవరూ లేరు."

నిజమే, పైన ఎవరూ లేరు. పిల్లలు చెయ్యి కలపడానికి నెట్ దగ్గరికి వచ్చారు.