స్టీలు పలక మీద మూడో మసక

గిన్నెలో వేణ్ణీళ్లు. నీళ్లలో మెత్తబడటానికి ఊపిరి గొట్టం. ఆపరేషన్ గది పనివాడు మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని వేడి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. ఆసుపత్రిలో అందరికీ అతను వేణ్ణీళ్ల తాత. ఇంట్లో స్నానానికి మాత్రం చెంబెడు నీళ్లు కాచిన పాపాన పోలేదని భార్య దెప్పుతుంది.

బల్ల మీద దవడ విరిగిన దర్జీ ఉన్నాడు. నోరు తెరుచుకోదు. గొట్టం ముక్కులోంచే వెళ్లాలి.

"టీ కాస్తున్నావా తాతా?" అంది కొత్తగా వచ్చిన మత్తు డాక్టరమ్మ. "గొట్టం గట్టిగా ఉన్నా పోతుందిలే, ఇచ్చెయ్."

"ఒకసారి అలాగే ఇచ్చానమ్మా."

గొట్టాన్ని నీళ్లలో ఇంకాస్త లోపలికి ముంచాడు. ఆ రోజు బల్ల మీద బడిలో గంట కొట్టే ఆవిడ ఉంది. తొందర. చల్లటి గొట్టం కొన గీరుకుని ముక్కు లోపల చిరిగింది. నెత్తురు గొంతులోకి దిగింది. ఆవిడ మళ్లీ బల్ల దిగలేదు.

తాత జేబులోంచి అరచేతంత స్టీలు పలక తీసి దర్జీ ముక్కు కింద పెట్టాడు.

"ఊపిరి వదులయ్యా."

రెండు మసకలు పడ్డాయి. కుడివైపుది పెద్దది. గాలి బాగా ఆడేది ఆ వైపే. వాటి కింద, ఏ ముక్కూ లేనిచోట, మెల్లగా మూడోది లేచింది. ఆవిడ పోయిన మర్నాటి నుంచీ అది వస్తూనే ఉంది. గొట్టం మెత్తబడగానే పోతుంది. తాత ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ పోలేదు.

తాత నీళ్లు మార్చాడు. ఇంకో రెండు నిమిషాలు ఉంచాడు. డాక్టరమ్మ విసుక్కుంది. అయినా ఇవ్వలేదు. గొట్టం వేలికి చుట్టుకునేంత మెత్తబడ్డాక, దర్జీకి మత్తు ఇచ్చారు. కుడి ముక్కులో నెత్తురు కారకుండా చుక్కలు వేశారు. తాత గొట్టానికి జెల్లీ రాసి అందించాడు.

"తోయొద్దమ్మా. తిప్పుతూ పోనివ్వండి."

పోయింది. ఒక్క చుక్క నెత్తురు రాలేదు.

"నీ మాటే నెగ్గింది తాతా," అని డాక్టరమ్మ నవ్వింది.

మధ్యాహ్నం దర్జీ కళ్లు తెరిచి చెయ్యి ఊపాడు. తాత పలక చూసుకున్నాడు. మసక అలాగే ఉంది.

"ఇతనికోసం కాదన్నమాట," అనుకుంటూ కడుగుడు గదిలో స్టూలు మీద కూర్చున్నాడు.

నర్సు టీ తెచ్చింది. "తాతా, చల్లారిపోతోంది." తాత కదల్లేదు. తాతే నేర్పిన పద్ధతిలో, అతని చేతిలోని ఆ పలకే తీసి అతని ముక్కు కింద పెట్టింది.

కుడి లేదు. ఎడమ లేదు.

కింద ఒకటి మాత్రం ఉంది. ఆమె కొంగుతో రెండుసార్లు తుడిచి, పలకను సింకు గట్టు మీద పెట్టింది. దాని మీద ఆ మసక అలాగే ఉంది, అప్పుడే ఎవరో ఊపిరి వదిలినట్టు.