నూట పన్నెండో పేజీ

ఆ ఇంట్లో నోటికొచ్చినట్టు అభిప్రాయం చెప్పి తప్పించుకోవడం కుదరదు. "బాగుంది" అంటే ఎక్కడ బాగుందో చెప్పాలి. "చెత్త" అంటే మరీ జాగ్రత్తగా చెప్పాలి. ఈ నియమం పెట్టింది తల్లి. కూతురు ఎనిమిదేళ్ళప్పుడు ఒక సినిమా చూసొచ్చి, "చెత్త సినిమా" అని సోఫాలో కూలబడితే, "చెత్తే కావచ్చు. ఎక్కడ మొదలైంది చెత్త?" అని అడిగింది. పిల్ల అరగంట ఆలోచించి వంటింట్లోకి వచ్చి, "కుక్క తప్పిపోతే అందరూ ఏడ్చారు గానీ ఒక్కరూ వెతకలేదు, అక్కడ" అంది. ఆ జవాబుకి తల్లి ఎంత మురిసిపోయిందంటే, మర్నాడే ఎనభై పేజీల నోట్‌బుక్ ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

ఇప్పుడు పిల్లకి పదమూడు. నోట్‌బుక్కులు నాలుగయ్యాయి. వారానికో పేజీ, చదివిన పుస్తకం మీదో చూసిన సినిమా మీదో. చివర పదికి ఇన్ని అని మార్కులు. ఆదివారం పొద్దున తల్లి ఆకుపచ్చ పెన్ను పట్టుకుని కూర్చుంటుంది. మార్జిన్‌లో ఆమె ఎక్కువగా రాసేవి రెండే ప్రశ్నలు: ఎందుకు? ఏ పేజీ? పేజీ నంబరు రాస్తే పుస్తకం తెరిచి చూసుకుంటుంది కూడా. ఒకసారి పిల్ల నలభై ఆరు అని రాస్తే, కొట్టేసి నలభై ఏడు అని దిద్దిన మనిషి.

"జడ్జిగారి తీర్పు అయిందా? ఇక పైకోర్టుకి పంపించండి" అనేవాడు తండ్రి, పేపరు మడుస్తూ.

జడ్జిగారి తీర్పులు చదవడానికి సరదాగా ఉండేవి. ఒక ప్రేమ సినిమాకి: "హీరో కారు నడుపుతూ అంతసేపు పక్క సీటు వైపే చూశాడు. ఏ చెట్టుకీ గుద్దుకోలేదు. రెండు మార్కులు కోత." ఒక యుద్ధం నవలకి: "చనిపోయే ముందు ఒకటిన్నర పేజీ మాట్లాడగలిగినవాడికి డాక్టర్ని పిలవమనడానికి ఓపిక లేదా?" నచ్చినవాటికి మాత్రం పొదుపుగా రాసేది. ఎంతో ఇష్టమైన లైట్‌హౌస్ నవలకి పోయినేడాది రాసింది రెండు వాక్యాలే: "ఇందులో తాతయ్య ఎవరికీ ఏమీ నేర్పించడు. దీపం వెలిగిస్తాడంతే, మనవరాలు చూస్తుంది." తొమ్మిది మార్కులు.

లెక్కలే పిల్లకి కొరకరాని కొయ్య. అర్ధ సంవత్సరం పరీక్షల్లో వందకి ముప్పై ఏడు వచ్చాయి. తల్లి కాలేజీలో తన పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఇప్పుడు పేరున్న లెక్కల టీచర్. రెండు వీధుల అవతల సొంతిల్లు, ముందుగదిలో నాలుగు నుంచి ఐదున్నర దాకా ఆరుగురికి ట్యూషన్. ఏడో మనిషిగా తన కూతుర్ని చేర్చుకోమని అడిగి, వస్తూ వస్తూ గుమ్మంలో నిలబడి, "నా కూతురని మొహమాటపడకు" అంది.

టీచర్ మొహమాటపడలేదు. మూడు నెలలు తిరిగేసరికి ముప్పై ఏడు కాస్తా ఎనభై నాలుగైంది. తండ్రి ఆ మార్కుల కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. తల్లి సాయంత్రం పిల్లని తీసుకురావడానికి వెళ్ళినప్పుడల్లా ఆ గుమ్మంలోనే పావుగంట నిలబడి కబుర్లాడేది.

"నీ కూతురు కథల్లో కొట్టుకుపోతుంటే జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగుతున్నానే" అనేది టీచర్.

"లాగు లాగు, పీకి చేతిలో పెట్టకు చాలు" అని తల్లి నవ్వేది. పిల్ల పక్కన నిలబడి చెప్పుల్లో కాళ్ళు దూర్చుకునేది. ఒక్కోరోజు పిల్ల బయటికి రాకపోతే, "తప్పులు దిద్దుకుంటోంది, నువ్వు నడుస్తూండు, వెనకే పంపిస్తా" అనేది టీచర్.

ఎనభై నాలుగు వచ్చిన ఆదివారమే ఆకుపచ్చ పెన్ను కిందికి లైట్‌హౌస్ నవల మళ్ళీ వచ్చింది. ఒకసారి రాసినదాని మీద పిల్ల రెండోసారి ఎప్పుడూ రాయలేదు.

"ఈ పుస్తకానికి పోయినేడాది తొమ్మిది వేశాను. ఇప్పుడు మూడు. మేనత్త ఇంట్లో జరిగే భాగం నాకు నచ్చలేదు. జవాబు తప్పితే మేనత్త ఆ పిల్లని మెట్ల కింద గదిలో పెట్టి గొళ్ళెం వేస్తుంది. లోపల చీపుళ్ళు, ఫినాయిల్ వాసన. తలుపు కింద వేలెడంత వెలుతురు. వెలుతురులో చెప్పులు కనిపిస్తే ఎవరు వచ్చారో తెలుస్తుంది. తల్లి వచ్చి మేనత్తతో నవ్వుతూ మాట్లాడుతుంది. ఈ పుస్తకంలో అందరికంటే చెడ్డ పాత్ర తల్లి."

తల్లికి ఆ పూట మనసు తేలిగ్గా ఉంది. ఫినాయిల్ వాసన కింద గీత గీసి, "మంచి వివరం" అని రాసింది. చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగింది. "తల్లి చెడ్డది ఎలా అవుతుంది? ఆమెకి తెలియదు కదా. ఏ పేజీ?" అని రాసి మూసేసింది. మర్నాటికి ఆ ప్రశ్న పక్కన పెన్సిల్‌తో జవాబు ఉంది: 112.

ఆ నవల ఇంట్లో లేదు, లైబ్రరీది. వెళ్ళినప్పుడు చూద్దాంలే అనుకుంది. ఇంటికి చుట్టాలొచ్చారు, వెళ్ళారు. పిల్ల చిన్న టార్చి ఒకటి కావాలని అడిగితే కొనిచ్చింది. స్నానాల గది తలుపు ఓరగా వదిలేస్తుంటే, "ఇంత పిల్లవయ్యావు, గడియ పెట్టుకోవాలని తెలీదూ?" అని మందలించింది. థియేటర్‌కి వెళ్దామంటే పిల్ల రానంది. టీవీలో సినిమా పెడితే సగంలో లేచిపోయి, నోట్‌బుక్‌లో "చీకటి ఎక్కువగా ఉంది. మార్కుల్లేవు" అని ఒక్క ముక్క రాసింది. "ఎందుకు?" అని తల్లి మార్జిన్‌లో అడిగింది. ఈసారి జవాబు రాలేదు.

జవాబు రాకపోవడం ఆమెకి గిట్టలేదు. నాలుగో వారం, బుధవారం మధ్యాహ్నం, పని తెముల్చుకుని లైబ్రరీకి వెళ్ళింది.

నూట పన్నెండో పేజీలో తాతయ్య పడవకి రంగు వేస్తున్నాడు.

నూట పదకొండు చూసింది, నూట పదమూడు చూసింది. రంగు ఆరిపోయింది తప్ప మేనత్త రాలేదు. "ఇది కాక వేరే ముద్రణ ఏమైనా ఉందా?" అని లైబ్రేరియన్‌ని అడిగింది. "ఇదొక్కటేనండీ. మీ అమ్మాయి తీసుకెళ్ళేది కూడా ఇదే" అందావిడ, పుస్తకాలకి అట్టలు వేస్తూ తల తిప్పకుండానే.

ఆమె కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని మొదటి పేజీ నుంచి తిరగేసింది. కాలేజీ రోజుల్లో తనూ చదివిన పుస్తకమే, ఇన్నేళ్ళలో కథ మర్చిపోయింది. అందులో మేనత్త లేదు, తల్లి లేదు. తాతయ్య, మనవరాలు, సముద్రం. అసలు ఆ లైట్‌హౌస్‌కి తలుపే సరిగ్గా పడదు, గాలికి కొట్టుకుంటూ ఉంటుందని మూడు చోట్ల రాశాడు రచయిత.

మొదట కోపం వచ్చింది. ఐదేళ్ళు వేలు పట్టుకుని నేర్పించాను, చదవని పేజీకి నంబరు కూడా వేసేంత అబద్ధమా? ఇంటికి రానీ, చెప్తాను. సంచి భుజాన వేసుకుని లేవబోయింది. లేస్తూంటే బల్ల కింద తన చెప్పులు కనిపించాయి, నేల మీద పడిన వెలుతురులో.

మళ్ళీ కూర్చుండిపోయింది.

టీచర్ ఇంటి గుమ్మం లోపల ఎడమ చేతి వైపు మేడ మెట్లు. మెట్ల కింద చిన్న తలుపు, దానికి బయట వైపు గొళ్ళెం. కబుర్లాడేటప్పుడు ఆమె రోజూ ఆ తలుపుకి ఆనుకునే నిలబడేది. నిన్న కూడా.

గోడ గడియారంలో ఐదవడానికి పది నిమిషాలుంది. మామూలుగా పావుగంట పట్టే దారి. ఎంతలో నడిచిందో ఆమెకే తెలియదు.

ముందుగదిలో పిల్లలు తలలు వంచుకుని లెక్కలు చేస్తున్నారు. ఆరుగురు. బయట చెప్పుల జతలు ఏడు.

"ఏంటే, ఇవాళ మీ గడియారం పరిగెడుతోందా?" అంది టీచర్ నవ్వుతూ.

"మా అమ్మాయేది?"

"ఉందిలే. కూర్చో, మంచినీళ్ళు తాగు. వచ్చేస్తుంది."

"ఎక్కడుంది?"

టీచర్ చాక్‌పీసు పొడి దులుపుకుంది. పిల్లల్లో ఒకమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే పెన్ను మొనని మెట్ల వైపు తిప్పింది.

గొళ్ళెం బిగుసుకుని ఉంది. రెండు చేతులతో లాగాల్సి వచ్చింది. తలుపు తెరుచుకోగానే ముందుగా తగిలింది ఫినాయిల్ వాసన. పిల్ల బోర్లించిన బకెట్ మీద మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుంది. వెలుగు పడేసరికి కళ్ళు చికిలించింది. ఏడవలేదు, లేవలేదు.

"ఇంకా టైం అవలేదమ్మా" అంది.

తల్లి చెయ్యి పట్టుకుని లేపింది. వెనక టీచర్ మాట్లాడుతోంది. "పదే పది నిమిషాలు. ఒంటి మీద చెయ్యి వేయలేదు నేను. ముప్పై ఏడు ఎనభై నాలుగు ఎలా అయిందనుకున్నావు, గాల్లోంచి రాలాయా? మొహమాటపడకు అన్నది నువ్వే కదే."

"అన్నాను. గొళ్ళెం పెట్టమనలేదు."

"నీ కూతురా ఇంకొకరి కూతురా అని చూడను, అందరికీ ఇదే. ఎవరూ నోరెత్తలేదు ఇన్నాళ్ళూ."

తల్లి ఆ ఆరుగురి వైపూ చూసింది. వంచిన తలలు వంచినట్టే ఉన్నాయి. "వీళ్ళందరి ఇళ్ళకీ ఇవాళే ఫోన్ చేస్తాను" అంది.

"ఏమని?"

"చూసింది చెప్తాను."

ఇద్దరూ వీధి మలుపు తిరిగారు. పిల్ల చెయ్యి చల్లగా ఉంది. బట్టల షాపు ముందుకి వచ్చాక పిల్ల అడిగింది, "పేజీ చూశావా?"

"చూశాను. పడవకి రంగు వేస్తున్నాడు."

"చూస్తావనే రాశాను." నాలుగడుగులు వేసి, "రోజూ అనుకున్నాను, ఇవాళ చూస్తావని. ఎప్పుడూ వెంటనే చూస్తావుగా."

దీనికి ఆమె దగ్గర సమాధానం ఉంది. చుట్టాలు, ఇంటి పని, ఎనభై నాలుగు. ఒక్కటీ బయటికి చెప్పుకునేలా లేదు. "నాతో నోటితో చెప్పొచ్చు కదమ్మా" అంది చివరికి.

"చెప్తే ఎందుకు పెట్టింది, ఎంతసేపు పెట్టింది, ఎవరు చూశారు అంటావు. లోపల ఎవరు చూస్తారు? టార్చి కూడా లాగేసుకుంది, ఎంతసేపో నాకూ తెలియదు." పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. "పుస్తకంలో ఉందని రాస్తే నమ్ముతావు కదా."

ఇంటికి వచ్చాక తల్లి ఫోన్లు చేసింది. ఇద్దరు ఎత్తలేదు. ఒకాయన అంతా విని, "మావాడు మాకేం చెప్పలేదండీ. మీ దగ్గర రుజువేమైనా ఉందా?" అన్నాడు. "మీవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. మీరేమీ అడక్కండి, వాడే చెప్తాడు" అని పెట్టేసింది.

తండ్రి ఆఫీసు నుంచి వచ్చి, విషయం విని, వెళ్ళి ఫ్రిజ్ తలుపు మీది కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పిల్ల భోజనాల బల్ల దగ్గర నోట్‌బుక్ తెరిచింది. తల్లి ఎదురుగా కూర్చుంది. తను ఆకుపచ్చ ఇంకుతో రాసిన "మంచి వివరం" కనిపించి, కొట్టేయడానికి పెన్ను కోసం చెయ్యి చాపింది.

"వద్దు, ఉండనీ" అంది పిల్ల. "నువ్వు రాశావుగా."

రబ్బరు తీసుకుని "మూడు" తుడిచి, దాని మీద "తొమ్మిది" అని రాసింది. "పుస్తకం తప్పేం లేదు. దానికెందుకు మార్కులు తగ్గించడం" అని గొణిగింది. తర్వాత మేనత్త వాక్యాలు ఒక్కొక్కటే తుడుచుకుంటూ వచ్చింది. చీపుళ్ళు పోయాయి, వాసన పోయింది, వేలెడంత వెలుతురు పోయింది. కాగితం మీద బూడిద రంగు మరక మిగిలింది, దాని పక్కనే గీత గీసిన ఆకుపచ్చ ఇంకు.

చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి రబ్బరు ఆగింది. అందరికంటే చెడ్డ పాత్ర తల్లి. పిల్ల ఆ వాక్యాన్ని చూసింది, ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. రబ్బరు పొడి ఊదేసి, నోట్‌బుక్ మూసింది.

ఎందుకు అని ఆమె అడగలేదు.