పరుపుల చీటీ

దూది ఏరడం కూడా ఒక పనేనా అన్నాడు రసూల్. పొద్దున గంజి తాగుతూ అన్నాడు. కోపంగా అనలేదు. ఈ పూట ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు అన్నాడు.

హజ్రా బీ తల ఎత్తలేదు. పంచలో చాప మీద కూర్చుని, గుప్పెడు గుప్పెడు దూది విప్పి, గింజ ముక్కలూ ఆకు నలుసులూ తీసి పక్కన పెడుతోంది. పన్నెండేళ్ళ కిందట ఈ దూదేకుల ఇంటికి కోడలిగా వచ్చిన రోజున అత్త చెప్పిన మాట ఒకటే. మగవాడి చేతికి విల్లు, ఆడదాని చేతికి దూది. దూది ఏకే ఆ విల్లు గోడకి వేలాడుతుంది. ఆడవాళ్ళు దాన్ని తాకకూడదు. రసూల్ దూది ఏకుతుంటే విల్లు మోత వీధి చివరిదాకా వినబడుతుంది. రసూల్ పనిలో ఉన్నాడని నరసరావుపేటలో సగం మందికి తెలుస్తుంది. ఏరితే చప్పుడు రాదు. పరుపు కుట్టినా రాదు. చప్పుడు రానిది పని కాదేమో అని ఆమె కూడా చానా ఏళ్ళు అనుకుంది. అత్త పోయిన రోజున ఆఖరి స్నానం చేయిస్తూ ఆమె చెయ్యి పట్టుకుంటే వేళ్ళ కొసలు గాజులా నున్నగా తగిలాయి. ఎందుకో అప్పుడు తెలియలేదు.

అవి యుద్ధం రోజులు. గుడ్డకి కంట్రోలు. పాదిరీల మిషను హాస్టలు వాళ్ళు గుడ్డ తామే ఇచ్చి, దూదీ కూలీ కలిపి నలభై పరుపులు చేయించుకున్నారు. డబ్బు చేతికి ఇవ్వలేదు. రెండు వందలు మూడు నెలల తర్వాత ఇస్తామని చీటీ రాసి ఇచ్చారు. అంతలో హాస్టలు లెక్కలు రాసే రైటరు జయరాజు మళ్ళీ కబురు పెట్టాడు. ఆడపిల్లల హాస్టలుకి ఇంకో నలభై కావాలి, నెలాఖరుకి ఇవ్వలేకపోతే గుంటూరు వాళ్ళకి ఇచ్చేస్తాం అని. దూది కొనడానికి ఇంట్లో రూపాయి లేదు. ఉన్నదంతా మొదటి నలభైలో కూరి పంపారు.

రసూల్ ఒక ఉపాయం చెప్పాడు. చిరిగిన బొంతల్లోని పాత దూది మధ్యలో పెట్టి, పైనా కిందా కొత్తది పరిస్తే ఎవరికీ తెలియదట. హజ్రా బీకి ఆ పరుపు మీద పడుకునే పిల్లలు కనబడ్డారు. ఎవరెవరి చెమటో పీల్చిన దూది. ఆరు నెలలకి ఉండలు కట్టి ఆ పిల్లల వీపుల్లో గుచ్చుకుంటుంది. ఎవరికీ తెలియదంటాడేంది, కుట్టే నాకు తెలియదా అనుకుంది. ఆ మాట పైకి అనడానికి రెండు రోజులు పట్టింది.

ఆ రెండు రోజులూ ఆమెకి ఇన్నయ్య దూది కొట్టు గుర్తొస్తూ ఉంది. రైతులు మిల్లుకి పత్తి తోలితే మిల్లు వాళ్ళు కూడా చీటీలే ఇస్తారు. అవసరం పడిన రైతు ఆ చీటీ ఇన్నయ్యకి అమ్ముతాడు. ఇన్నయ్య కొంత తగ్గించుకుని డబ్బు ఇచ్చి, గడువు వచ్చాక మిల్లులో తాను వసూలు చేసుకుంటాడు. దూది కోసం వెళ్ళినప్పుడల్లా చూసింది. పత్తి చీటీ కొనేవాడు పరుపుల చీటీ ఎందుకు కొనడు?

మూడో రోజున చీటీ ఇన్నయ్యకి అమ్ముదామంది. రసూల్ ఒప్పుకోలేదు. చీటీ అమ్ముకుంటే రసూల్ దివాలా తీశాడంటారు అన్నాడు. కాగితాల గొడవ నీకెందుకే అన్నాడు. హజ్రా బీ సూదిలో దారం ఎక్కిస్తూ నెమ్మదిగా చెప్పింది.

"అయితే పాత దూది పెట్టిన పరుపు నేను కుట్టను."

ఆ ఇంట్లో కుట్టను అనే మాట అంతకు ముందు ఎవరూ వినలేదు. రసూల్ కాసేపు గోడ మీది విల్లు వంక చూశాడు. తర్వాత లేచి చొక్కా తొడుక్కున్నాడు. నువ్వు కూడా రా అన్నాడు.

ఇన్నయ్య చీటీ రెండుసార్లు చదివాడు. నూట యాభై ఇప్పుడిస్తాను, పన్నెండు నాకు, మిగిలింది హాస్టలు వాళ్ళు ఇచ్చాక మీకు అన్నాడు. సరుకు బాగాలేదని వాళ్ళు డబ్బు ఆపితే నా గతేంది, ఒకసారి చూసి ఇస్తాను అని కండువా వేసుకుని బయలుదేరాడు.

హాస్టలులో జయరాజు ఒక పరుపు వరండాలోకి తెప్పించాడు. దూది కొనేవాడి చెయ్యి ఊరుకోదు. పత్తి బోరెంలో చెయ్యి దూర్చినట్టే ఇన్నయ్య కుట్టు విప్పి మోచేతిదాకా దూర్చాడు. నడిమధ్య నుంచి గుప్పెడు లాగి ఎండకి పెట్టి విడదీశాడు. ఒక్క నలుసు లేదు. ఇంకో మూల నుంచి లాగాడు. అక్కడా లేదు.

"ఎవరయ్యా ఏరింది?"

రసూల్ గడ్డం గోక్కున్నాడు. హజ్రా బీ నేల చూస్తూ నిలబడింది. ఇప్పుడు ఏమంటాడో ఆమెకి తెలుసు. మా ఇంట్లో చేయించాను అంటాడు.

"మా ఇంటిది" అన్నాడు రసూల్. ఆమె వైపు తిరిగి, "మొత్తం అదే ఏరింది" అన్నాడు.

ఆమె కొంగుకి గుచ్చుకున్న సూది తీసి, విప్పిన కుట్టు అక్కడే కూర్చుని కుట్టేసింది. లేకపోతే కళ్ళల్లో నీళ్ళు ఆ ముగ్గురూ చూసేవాళ్ళు.

చీటీ వెనక రసూల్ వేలిముద్ర వేశాడు. దూదికి పూచీ ఈ అమ్మాయిదే కాబట్టి ఆమెది కూడా కావాలన్నాడు ఇన్నయ్య. హజ్రా బీ సిరాలో బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. నల్లటి మచ్చ పడింది. గీత ఒక్కటి లేదు. తుడిచి మళ్ళీ నొక్కింది. మళ్ళీ మచ్చే.

"ఏందమ్మా, వేలు ఇంట్లో పెట్టి వచ్చావా?" అని జయరాజు నవ్వాడు.

రసూల్ నవ్వలేదు. ఆమె చెయ్యి పట్టుకుని వెలుతురుకి తిప్పాడు. తన వేలితో ఆమె వేలి కొస తడిమాడు. నలుగురిలో ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"ఎప్పటి నుంచే ఇట్లా?"

"నీ విల్లు మోగినప్పటి నుంచీ."

ఇన్నయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఉండనీ, ఇట్లాంటి ముద్ర ఇంకొకరు దొంగగా వెయ్యలేరు అన్నాడు.

మధ్యాహ్నానికి బండి మీద కొత్త దూది ఇంటికి వచ్చింది. రసూల్ అలవాటుగా గోడ మీది విల్లుకి చెయ్యి చాచాడు. హజ్రా బీ చాప పరిచి, దాని మీద మొదటి మూట విప్పింది. తాను కూర్చోలేదు.

"ఏకేది తర్వాత. ముందు కూర్చుని ఏరు" అంది. "నా వేలికి గీతలు వచ్చిందాకా నువ్వే ఏరాలి. ఈసారి చీటీ నా పేరుతో రాయించుకుంటా."

రసూల్ చెయ్యి విల్లు దగ్గరే ఆగింది. వీధిలోకి ఒకసారి చూశాడు. తర్వాత వచ్చి, మోకాళ్ళు ఎటు పెట్టాలో తెలియక సర్దుకుంటూ, చాప మీద కూర్చున్నాడు. చాలాసేపు ఇంట్లో చప్పుడు లేదు. ఆమె పరుపు గుడ్డ కొలుచుకుంటూ ఉంది. ఉన్నట్టుండి అతను అరచెయ్యి చాచి చూపించాడు. ఆవగింజలో సగం ఉన్న ఆకు నలుసు.

"ఇది కూడా తియ్యాలా?"

"తియ్యాలి" అంది హజ్రా బీ. "అన్నీ తియ్యాలి."