హన్మంతు బావ పెన్‌డ్రైవ్

మా అత్తమ్మ చంద్రమ్మ నోట 'లేదు' అన్న మాట రాదు. నర్మెట్టలో మా ఇంటి ముందర ట్రాక్టర్ ఆగిందంటే పాటలు ఎక్కించుకోవడానికే. ఊళ్ళోని పెన్‌డ్రైవ్‌లన్నీ ట్రాక్టర్ నుంచి ట్రాక్టర్‌కు తిరిగి తిరిగి చివరికి నా కంప్యూటర్‌కు చేరేవి. నేనేమో దాని మీద జనగామ స్టూడియో వాళ్ళకు లగ్గం వీడియోలు ఎడిటింగ్ చేసిస్తాను. వద్దంటే అత్తమ్మ నన్నే గదమాయించేది.

"పాటలే గద బిడ్డా. ఇంటికొచ్చినోల్లు నీళ్లడిగితే లేదంటమా?"

మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది, అత్త ముందు అనగలిగేది కాదు. పోయిన వేసవిలో అలాంటి ఒక పెన్‌డ్రైవ్‌లోంచి వైరస్ దిగి, ఎవరిదో లగ్గం మొత్తానికి తాళం పడిపోయింది. ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. పెళ్లికూతురి తల్లి మా గడప మీద కూర్చుని ఏడ్చింది. అత్తమ్మ ఆమెకు నీళ్లిచ్చింది గానీ ఆమె ముట్టలేదు.

ఆ రోజు నుంచి బయటి పెన్‌డ్రైవ్ ఏదీ నా కంప్యూటర్‌కు తగలనివ్వను. పొగరుబోతు అని పేరొచ్చింది. రానీ.

సద్దుల బతుకమ్మ నాడు అత్తమ్మ వాకిట్లో కూర్చుని తాంబాళంలో గునుగుపూలు పేరుస్తోంది, నేను తలుపు పక్కనే కంప్యూటర్ ముందున్నాను. మా ఆయన పెద్దన్న హన్మంతు బావ ట్రాక్టర్ దిగి లోపలికి వచ్చాడు. చేతిలో పెన్‌డ్రైవ్.

"మనీషా, జర బతుకమ్మ పాటలు ఎక్కియ్. చెరువు దాంక పెట్టుకుంట పోతం."

"పెన్‌డ్రైవ్ పెట్టనియ్య బావా. ఏమనుకోకు."

"నేను గూడ పరాయోన్నేనా?"

"నువ్వు కాదు బావా. గది ఎన్ని ట్రాక్టర్లు తిరిగొచ్చిందో నీకెరుకనా?"

బావ ముఖం మాడిపోయింది. తల్లి వైపు తిరిగాడు. "చూసినవా అవ్వా, నీ చిన్నకోడలు ఎట్ల మాట్లాడుతుందో."

'పెట్టు బిడ్డా' అని అత్తమ్మ ఒక్క మాట అంటే కాదనే ధైర్యం నాకు లేదు. అప్పుడు నా కంప్యూటర్‌లో ఉన్నది బావ కూతురు రాజీ లగ్గమే. స్టూడియో వాళ్ళు కెమెరా కార్డులు ఖాళీ చేసేశారు, నేను ఇంకో కాపీ తీయడం సగంలోనే ఉంది.

"అందుల మన రాజీ లగ్గముంది బావా," అన్నాను.

అత్తమ్మ పూలు పక్కన పెట్టి లేచింది. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్లు తెచ్చి కొడుకు చేతికిచ్చింది.

"నీళ్లు తాగు కొడుకా. గది మాత్రం జేబుల పెట్టుకో. పాటలు మాకు నోటికొస్తయి."

బావ నీళ్లు తాగి నా పక్కన కుర్చీ లాక్కున్నాడు. "ఏదీ, జర చూపియ్."

వీడియోలో అప్పగింతలు నడుస్తున్నాయి. రాజీ చెయ్యి పట్టుకుని బావ చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"గా ఏడుపు తీసెయ్ మనీషా."

"తియ్య బావా. గది పోతే మళ్ల దొరకదు."

బావ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ట్రాక్టర్ మా ఇంటి ముందే ఉండిపోయింది. ముందు అత్తమ్మ పాట అందుకుంటే వెనక మేమందరం పలికాం. నాకు కడుపు నిండినంత సంతోషమైంది. అత్తమ్మ పేర్చిన బతుకమ్మను ఎత్తుకుని చెరువు దాకా నడిచింది మాత్రం హన్మంతు బావే.