మొదటి వైపు చివర

లైల్ మాడక్స్ అనే అమెరికా పాటగాడు ఏటా నవంబరులో మా జపానుకు, సెందాయ్ నగరానికి వచ్చేవాడు. మేం పెర్సిమన్ అనే వగరు కాయల చెక్కు తీసి, తాళ్ళకు కట్టి, వేడినీళ్ళలో ముంచి, చూరు కింద ఆరేసేదీ నవంబరులోనే. మా ఏడాది తిండి ఆ నెల పనిలోంచే రావాలి. సరిగ్గా ఆ నెలలోనే నా భార్య మిసావో కత్తి కింద పెట్టి, మంచి కోటు వేసుకుని, అతని పాట వినడానికి రైలెక్కి రెండు రోజులు పోయేది. చెప్పి పోయేది, అడిగి కాదు. తిరిగొచ్చాక ఒక్క ముక్క చెప్పేది కాదు. మళ్ళీ కత్తి తీసుకుని కూర్చునేది.

పోయిన మే నెలలో చనిపోయింది.

ఆ పాటగాడికి సొంత దేశంలో దిక్కులేదట. అక్కడ బార్లలో తాగుబోతులు తమలో తాము అరుచుకుంటుంటే ఓ మూల నిలబడి పాడేవాడట. ఇక్కడ మాత్రం హాలు నిండేది. ఆడవాళ్ళు అతని పేరు మీద సంఘం కూడా పెట్టుకున్నారు. ఆ సంఘానికి పెద్ద నీజెకి తోమియె. సెందాయ్‌లో మందుల షాపు ఆవిడదే. ఆవిడకు ఇంగ్లీషు వచ్చు. వచ్చని నలుగురికీ తెలియాలి కూడా.

ఈ నవంబరులో ఆవిడ ఫోన్ చేసింది.

"తొగాషి గారూ, నిన్న సెందాయ్‌లో కచేరీ అయింది. మాడక్స్ గారు మీ ఇంటికొచ్చి మిసావో గారికి అగరొత్తి వెలిగిస్తానంటున్నారు."

"ఎందుకు?"

"ఎందుకేమిటండీ! అంత పెద్దాయన..."

"నేను పిలవలేదు," అని పెట్టేశాను.

పక్కింటి కానె అత్త వసారాలో కూర్చుని కాయలు చెక్కుతోంది. ఎనభై దాటాయి. చేసేది ఒకరి పని, మాట్లాడేది నలుగురి మాటలు. ఫోన్ సంగతి చెప్పాను.

"చచ్చినోళ్ళకి దండం పెట్టుకుంటానంటే గుమ్మంలోకి రావద్దన్నవాణ్ణి నిన్నే చూశాను ఎయిజో. రానీరా. పొడుగ్గా ఉంటాడా? జుట్టు దువ్వుకుంటాను."

"నీకెందుకత్తా దువ్వుకోవడం?"

"నీ మొహం చూసి దువ్వుకోమంటావా?"

ఇంకో రెండు కాయలు చెక్కాను. నాకు తెలియాల్సింది ఒకటుంది. ఆ రెండు రోజుల్లో మిసావోకు అక్కడ ఏం దొరికేది? ఇంట్లో దొరకనిది ఏమిటది? ఆమెను అడగడానికి లేదు. మిగిలింది ఆ మనిషే. నేనే తిరిగి ఫోన్ చేసి రమ్మన్నాను.

మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. పొడుగే, కానీ వంగిపోయిన ముసలాడు. వచ్చీ రావడంతోనే చూరుకు వేలాడే కాయలకు తల కొట్టుకున్నాడు. కాళ్ళు మడవలేక, చనిపోయిన పెద్దలకు ఇంట్లో పెట్టుకునే మందిరం ముందు ఒక పక్కకు చాపి కూర్చున్నాడు. అగరొత్తి వెలిగించి, మంటను చేత్తోనే ఆర్పాలని తెలియక నోటితో ఊదాడు. తోమియె కళ్ళు మూసుకుంది. అతను మాత్రం మిసావో ఫోటో వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఈమె ఎవరో తెలుసా అని అడగండి," అన్నాను.

"అదేం ప్రశ్నండీ? తెలియకుండానే ఇంత దూరం..."

"మిమ్మల్ని కాదు. ఆయన్ని అడగండి."

అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. తోమియె నీళ్ళు నమిలింది.

"అంటే... ముఖం గుర్తు లేదంటున్నారు. స్టేజీ మీద లైట్లు కళ్ళల్లో పడతాయి కదండీ."

"మరెందుకొచ్చాడు?"

తోమియె అది ఇంగ్లీషులో అడగగానే అతను చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని చూపించాడు. తోమియె ముఖం ఎర్రబడింది.

"మా సంఘంలో ఒక పద్ధతుందండీ. పాట ఆఖరి మోత పూర్తిగా ఆగేదాకా ఎవరూ దగ్గు కూడా రానివ్వరు. ఆ తర్వాతే చప్పట్లు. ఆయనకు ఆ నిశ్శబ్దం మొదట్లో భయం వేసేదట, హాల్లో ఎవరూ లేరేమోనని. సెందాయ్‌లో మాత్రం నది గురించిన పాట ఒకటి అయిపోగానే, చప్పట్లకు ముందు, చీకట్లోంచి ఒక ఈల వచ్చేది. ఏటా వచ్చేది. మొన్న రాలేదు. ఆయన తర్వాతి పాట ఎత్తుకోకుండా అలాగే నిలబడిపోయారు. తర్వాత ఆ ఈల ఎవరిదని నన్నడిగారు."

"తప్పు ఇంటికొచ్చారు," అన్నాను. "మా ఆవిడకు ఈల వెయ్యడం రాదు."

"వచ్చండీ. పక్క సీటు నాదే. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇలా చెయ్యకూడదమ్మా అని మర్యాదగా చెప్పి చూశాను. సరేనంది. మరుసటేడు ఇంకా గట్టిగా వేసింది."

వసారాలోంచి కానె అత్త గొంతు వచ్చింది.

"వచ్చు వచ్చు. పెళ్ళైన కొత్తలో వేసేది. నువ్వు చలికాలం టోక్యోకి కూలి పనికి పోయేవాడివి కదా, అప్పుడు. పై తోటలో మంచులో నిలబడి వేస్తే అవతలి కొండ తిరిగి వేసేది. మా ఇంటిదాకా వినబడేది. కోడలు ఈల వేస్తే ఇంట్లోకి పాములొస్తాయని మీ అమ్మ మాన్పించింది."

"నాకెవరూ చెప్పలేదే?"

"నువ్వు తిరిగొచ్చేసరికే మానేసింది. మానేసినదాని గురించి ఏం చెప్పను?"

ఆ ముసలాడి వైపు చూశాను. నా ఇంట్లో, నా ఎదురుగా, నా భార్యది నాకు తెలియనిది ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎలా ఉండేదో వేసి చూపించమనండి," అన్నాను.

అతను సరేనని వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుడుపళ్ళు. ఉత్త గాలి వచ్చింది. కానె అత్త పగలబడి నవ్వింది. అతనూ నవ్వాడు. నేను నవ్వలేదు. అది చూసి నవ్వడం ఆపి తోమియెతో ఏదో అన్నాడు.

"సెందాయ్ కచేరీని ఒక ఏడాది రికార్డుగా తీశారండీ. మన దగ్గరే అమ్మారు, అమెరికాలో లేదు. కంపెనీ వాళ్ళు ఈల తీసేద్దామంటే ఈయనే ఉంచమన్నారట. మొదటి వైపు చివర వినిపిస్తుంది. మిసావో గారి దగ్గర ఉండే ఉంటుంది, వెతకండి."

వాళ్ళు లేచారు. అతను చూరు కింద కాయలు చూసి బాగున్నాయన్నట్టు తల ఊపాడు. ఇంకా ఆరలేదన్నాను. ఒక్కటి కూడా ఇవ్వలేదు.

వెనక గదిలో ఆమె బీరువాలో రికార్డు దొరికింది. పక్కనే రికార్డు ప్లేయరు పెట్టె. రికార్డు అట్ట అంచులు అరిగిపోయి ఉన్నాయి. నేను తోటకు పోయినప్పుడు పెట్టుకునేదేమో. వగరు పట్టిన నల్ల చేతుల్ని రెండుసార్లు కడుక్కుని ముల్లు పెట్టాను.

అతని గొంతు నాకు నచ్చలేదు. ముక్కుతో పాడతాడు. ఒక్క మాట అర్థం కాదు. ఒకటి తర్వాత ఒకటి పాడుతూనే ఉన్నాడు. చివరికి గిటారు ఆగింది. హాలంతా ఊపిరి బిగబట్టినట్టుంది. అప్పుడు వచ్చింది ఈల. చిన్నది, పైకి లేచి ఒక్కసారిగా తెగింది. దూరంగా ఉన్నవాళ్ళను ఎవరినో పిలిచినట్టుంది. నన్ను కాదు. అంతలోనే చప్పట్లు మీద పడి ముంచేశాయి.

ముల్లు సరిగ్గా ఆ చోట పెడదామని వంగాను. నా వేళ్ళు మొద్దువి. గీత పడితే ఆ కాస్తా పోతుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మొదటి పాట నుంచే మళ్ళీ పెట్టాను. ఆమె కావాలంటే వీణ్ణి భరించాలి.

"ఎయిజో!" వసారాలోంచి అత్త కేకేసింది. "నీళ్ళు మరుగుతున్నాయి, కాయలు ముంచవా?"

"ఉండు."

"ఎంతసేపు?"

"ఇంకా మూడు పాటలున్నాయి."